పంపు గది పక్కన పెరిగిన బేసిల్

మా చెల్లెలు పనిచేసిన ఆసుపత్రివారు ఈ మధ్య ఒక జ్ఞాపక సంచిక అచ్చువేసి, అందులో ఆమెను గురించి అర పేజీ రాశారు. ఆమె ఉద్యోగంలో చేరిన సంవత్సరం తప్పు. వేసిన ఫోటో ఆమెది కాదు, ఆమె తర్వాత వచ్చిన మేట్రన్‌ది. ఈ రెంటినీ క్షమించవచ్చు. నియామక ఉత్తర్వు నకలు జతచేసి సంపాదకుడికి ఉత్తరం రాశాను, పంపిన రసీదు నా దగ్గర భద్రంగా ఉంది. కాని చివరి వాక్యం చూసి నాకు ఒళ్ళు మండింది. "పొరపాటన్నది ఎరుగని మనిషి" అట. ఒక మనిషిని పొగడవలసి వచ్చినప్పుడు ఆ మనిషిని చూడవలసిన శ్రమ తప్పించుకోవడానికే ఇటువంటి వాక్యాలు పుట్టి ఉంటాయి. మా చెల్లెలు పొరపాటును ఎరుగును. ఎంత దగ్గరగా ఎరుగునో, ఎరిగిన తర్వాత ఎలా బతికిందో పక్క గదిలో ఉండి చూసినదాన్ని నేను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. "రాస్తే ఆ కుండీల సంగతి రాయి, లేదంటే ఊరుకో" అంది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆమె ఎవరికీ ప్రియమైన మనిషి కాదు. వార్డులోకి ఎవరు అడుగుపెట్టినా ముందు వారి చేతులవంక చూసేది, తర్వాతే ముఖంవంక. చేతులు కడుక్కోకుండా రోగిని తాకబోయిన వారిని, వారు ఎంతటివారైనా, కుళాయి దాకా నడిపించుకుపోయి పక్కన నిలబడి కడిగించేది. ఒకరి పుండు మీద వాడిన కత్తెరను మరగబెట్టకుండా ఇంకొకరి దగ్గరకు తెచ్చిన చిన్న నర్సులు ఆమె నోట పడి ఏడవడం మామూలే. ఆ ఏడుపుల వల్ల ఎందరు ప్రాణాలతో ఇంటికి వెళ్ళారో ఏ సంచికలోనూ ఎవరూ రాయలేదు.

పదవీ విరమణ చేసి, ఒంటరి మనిషి గనుక, నా ఫ్లాటుకే వచ్చింది. మొదట్లో ఆ చేతులకు పని లేకపోవడం చూడలేకపోయేదాన్ని. భోజనాల బల్ల మీద గుడ్డను పదేపదే సర్దేది. నేను ఆఫీసు రికార్డు గదిలో పనిచేసి వచ్చినదాన్ని. నా కాగితాల పెట్టెలు నాకు చాలు. ఆమెకు చదువు మీద ధ్యాస లేదు, టీవీ అంటే విసుగు. ఒకరోజు కూరగాయల బజారులో టొమాటోలతో పాటు ఒక బేసిల్ కట్ట తెచ్చింది. తులసికి దగ్గర చుట్టమే గాని ఆకు మెత్తగా, వెడల్పుగా ఉంటుంది, వాసనలో కాస్త తీపి. సూప్‌లో వేయగా మిగిలిన రెమ్మలను గ్లాసు నీళ్ళలో పెట్టి కిటికీలో ఉంచింది. కొద్ది రోజులకు వాటికి తెల్లని వేళ్ళు దిగాయి. ఆ వేళ్ళను చూసినప్పుడు ఆమె ముఖం, ప్రసూతి వార్డులో పనిచేసిన రోజుల్లో నేను చూసిన ముఖమే.

అక్కడి నుంచి మేడ మీదికి పాకింది. అడుగున చిల్లులు పెట్టిన పెయింటు బకెట్లు, పాత పెరుగు డబ్బాలు, ఎవరో పారేసిన వాషింగ్ మెషీన్ డ్రమ్ము, అన్నింటిలోనూ బేసిలే. కొసలు తుంచితే పక్కల నుంచి గుబురుగా వస్తుందని, పువ్వు వేయనిస్తే ఆకు ముదిరిపోతుందని, నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదలు దగ్గర పొయ్యాలని ఆమె చెప్పగా విని మిగతా ఫ్లాట్లవారూ కుండీలు పెట్టారు. రెమ్మలన్నీ ఆమె ఇచ్చినవే. ఆదివారం పొద్దున్న ఆమె మేడ మీద రౌండ్లకు బయలుదేరేది. చేతిలో ఆసుపత్రినుంచి తెచ్చుకున్న కట్లు కోసే కత్తెర. ముక్కు వంగి, ఒక పక్క కొస మొద్దుగా ఉంటుంది. ఎవరి కుండీ దగ్గర వారు నిలబడి ఉండాలి. మేట్రనమ్మ అన్న పేరు అప్పుడు వచ్చిందే.

"ఏం మాస్టారూ, ఈ పేషెంటుకి నిన్న నీళ్ళెవరు పట్టారు?" అని అడిగేది మూడో అంతస్తు లెక్కల మాస్టారిని.

"నేనేనండీ. ఎండ బాగా ఉందని కాస్త ఎక్కువే పోశాను."

"కాస్త ఎక్కువంటే గ్లాసుడా, బకెట్టుడా?"

"బకెట్టు... అంటే సగమేలెండి."

"సగం బకెట్టు మీ నెత్తిన పోసి నీడలో కూచోబెడితే మీకెలా ఉంటుంది? ఆకులు చూడండి, మీ పిల్లల పరీక్ష పేపర్లలాగా పసుపుపచ్చగా ఉన్నాయి."

"నా పిల్లల పేపర్లు ఎర్రగా ఉంటాయి మేట్రనమ్మగారూ. దిద్దేది నేనుగా."

అందరూ నవ్వేవారు. ఆమె నవ్వకుండా కొసలు కత్తిరించి, కత్తెరను కొంగుకు తుడుచుకుని పక్క కుండీ దగ్గరకు వెళ్ళేది. ఆ ఆదివారాలు ఆమెకు మళ్ళీ ఉద్యోగం ఇచ్చాయి. అంతకంటే ఎక్కువే ఇచ్చాయి. ఈసారి జనం ఆమెకు భయపడుతూనే ఆమెను ఇష్టపడ్డారు.

ఈ రౌండ్లలోకి రానిది ఒక్కరే, కింది అంతస్తులో ఉండి బట్టలు కుట్టే ఆవిడ. కుట్టుమిషన్ చప్పుడు పొద్దస్తమానం మెట్ల మీదికి వినిపించేది గనుక ఆవిడను మిషనమ్మ అనేవారు. కొడుకూ కోడలూ ఆవిడతోనే ఉండేవారు. ఆవిడకూ మేడ మీద ఒక మూల బేసిల్ డబ్బాలు ఉన్నాయి. నూనె డబ్బాల మూతలు కోసి తయారు చేసినవి. ఆకు కావాలంటే గోటితో తుంచుకునేది.

"మీ మొక్కల్ని కూడా ఓసారి చూడనా?" అని చెల్లెలు మొదట్లో అడిగింది.

"నా మొక్కలకు డాక్టరొద్దండీ మేట్రనమ్మగారూ. జబ్బు పడే తీరిక లేదు వాటికి."

"ఆ మట్టెక్కడిది?"

"పోయినేడాది వంకాయ మొక్కలది. ఎండబెట్టి, తిరగేసి పోశా."

"చచ్చిపోయిన మొక్క మట్టిలో కొత్త మొక్క పెడతారా ఎవరైనా?"

"మనం మాత్రం ఏ కొత్త మట్టి మీద ఉన్నామండీ? అంతా ఎవరో వాడిందేగా."

మాస్టారు పక్కకు తిరిగి నవ్వడం చెల్లెలు చూసింది. అది ఆమెకు గుచ్చుకుంది. ఇంటికి వచ్చి, "ఆ డబ్బాల జోలికి నేను వెళ్ళను అక్కా. నా కత్తెర వాటికి తగలనివ్వను" అంది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా.

ఆ ఏడు ఆమె పుట్టినరోజుకు ఆసుపత్రి నుంచి పాత శిష్యురాళ్ళు కొందరు వచ్చారు. అరచేయంత ఆకులున్న పెద్ద బేసిల్ మొక్కను పింగాణీ కుండీలో, రిబ్బను కట్టి మరీ తెచ్చారు. చెల్లెలు దాన్ని మేడ మీద అన్నిటికంటే ముందు పెట్టింది. కొద్ది రోజులకే అది ఒక పక్కకు వాలింది. "కారులో వచ్చింది కదా, ప్రయాణం బడలిక" అని వాలిన కొమ్మను కత్తిరించి, తర్వాత మామూలుగానే రౌండ్లకు సాగింది. రెండో కొమ్మ వాలితే అదీ కత్తిరించింది.

తర్వాత మాస్టారి మొక్క పోయింది. పచ్చగా ఉన్నది ఉన్నట్టే మెడ వాల్చేసి, నీళ్ళు పోసినా లేవలేదు. ఆ తర్వాత మూల ఫ్లాటువారివి, ఆ తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటుగారివి. ఈ ఏజెంటుగారే మా ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శి. చెల్లెలి వరసలోనూ సగం పోయాయి. ఆమె ఒక తోటపని పుస్తకం తిరగేసి అది ఎండు తెగులని, మట్టిని పట్టి ఉంటుందని, మందు లేదని చెప్పింది. తెగులు పేరు సరిగానే చెప్పింది. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం జవాబు వెతకలేదు, ఎందుకంటే జవాబు ఆమె దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది.

ఒక మధ్యాహ్నం మేము బట్టలు తీయడానికి మేడెక్కితే మిషనమ్మ డబ్బాల్లోని మొక్కలు తలలు వేలాడేసి ఉన్నాయి. ఏదో స్కూలు యూనిఫారాల పని నెత్తిన ఉండి ఆవిడ ఆ పొద్దున నీళ్ళు పొయ్యలేదు. చెల్లెలు వాటిని చూసి ఆగింది. "ఇదిగో. ఇక్కడుంది" అంది. ఆ గొంతులో ఉన్న నిశ్చింత నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

చెల్లెలి మాట మీద ఆ సాయంత్రమే నోటీసు తయారైంది. దాని నకలు నా దగ్గర ఉంది. "మేడ మీది మొక్కలకు సోకిన తెగులుకు కింది అంతస్తువారి అపరిశుభ్రమైన మట్టి కారణమని నిర్ధారణ అయినందున, వారి డబ్బాలను వెంటనే తొలగించవలసిందిగా కోరడమైనది." నిర్ధారణ ఎవరు చేశారు, ఏ ఆధారంతో చేశారు అని నేను అడిగితే, "నా కన్ను చాలదా?" అంది. నాకు చాలదన్నాను, సంతకం పెట్టలేదు. మిగతావారికి చాలింది. కాఫీ కప్పు కింద పెట్టకుండానే సంతకాలు చేసినవారు ఉన్నారు. తమ కన్నుతో ఒక్కసారి చూసి వద్దామని ఎవరికీ తోచలేదు. ఒకరి మీద నమ్మకం ఉండటం వేరు, ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని తన బుద్ధికి సెలవు ఇవ్వడం వేరు. ఈ తేడా తెలియని చదువులు ఎందుకో నాకు అర్థం కాదు.

మర్నాడు పొద్దున్న మేడ మీద అందరూ చేరారు. మిషనమ్మ మెడలో కొలతల టేపుతోనే వచ్చింది.

"నిన్న నీళ్ళు పొయ్యలేదండీ, అందుకే వాడాయి. రాత్రే లేచి కూచున్నాయి. చూడండి" అంది.

నిజంగానే లేచి ఉన్నాయి. చెల్లెలు వాటివంక చూడలేదు.

"ఇవాళ లేస్తాయి, రేపు పడతాయి. అప్పటిదాకా ఉంచితే మిగతావి కూడా పోతాయి."

"మరి ముందు పోయినవి మీవేగా?"

చెల్లెలి ముఖం ఎర్రబడింది.

"నావి పోతే నేను మట్టి మార్చాను. నీలాగా చచ్చిన మట్టి ఏరుకొచ్చి పెట్టలేదు."

అంతవరకు ఏనాడూ 'మీరు' తప్ప మరో మాట వాడని మనిషి, నలుగురిలో 'నీలాగా' అంది. మిషనమ్మ ఒక క్షణం ఆమె ముఖంవంక చూసింది. రెండు డబ్బాలు చెరో చంకన ఎత్తుకుని మెట్లు దిగింది. కోడలు వచ్చి మరో రెండు ఎత్తుకుంది. ఆ పిల్ల మాత్రం ఊరుకోలేదు.

"పక్కకు తప్పుకోండి, మా మట్టి మీకంటుకుంటుంది" అంది మాస్టారితో. మాస్టారు నిజంగానే తప్పుకున్నారు. అందరూ తప్పుకున్నారు. ఒక చెయ్యి వేసినవారు లేరు. ఆ డబ్బాలను కింద పంపు గది పక్కన పెట్టుకున్నారు. రోజుకు కాసేపు మాత్రమే ఎండ తగిలే చోటది.

మట్టి శుభ్రంగా లేదన్న మాట మెట్లు దిగేసరికి మనిషి శుభ్రంగా లేదన్న మాటగా మారింది. మూల ఫ్లాటావిడ కుట్టడానికి ఇచ్చిన గుడ్డను కత్తిరించకముందే వెనక్కి తీసుకుపోయింది. ఇంకొకావిడ బజారు చివర కొత్త దుకాణంలో బాగా కుడుతున్నారని అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు మెట్ల మీద మిషన్ చప్పుడు ఆగి ఆగి వినిపించసాగింది. ఆగినప్పుడే అది ఎక్కువగా వినబడేది. చెల్లెలు కూడా విన్నది. "పని తగ్గినట్టుందే ఆవిడకి" అంది ఒకసారి, వాన తగ్గింది అన్నట్టు.

డబ్బాలు దిగిపోయాక కూడా తెగులు ఆగలేదు. రెండు ఆదివారాలు రౌండ్లు జరిగాయి, రెండుసార్లూ తర్వాత మరికొన్ని మొక్కలు పోయాయి. ఇంతలో పంపు చెడింది. రిపేరు మనిషి వస్తే చూపించడానికి చెల్లెలే కిందికి వెళ్ళింది. అతను పని ముగించి వెళ్ళిపోయినా ఆమె రాలేదు. ఏమైందోనని కిందికి దిగాను. పంపు గది పక్కన, నూనె డబ్బాల ముందు నిలబడి ఉంది. ఎండ చాలక మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగాయి గాని ఒక్కటీ వాడలేదు. వేలితో ఒక ఆకును ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంటికి రాగానే కత్తెర తీసుకుని వంటగది వెలుతురులో పట్టుకుంది. బోల్టు దగ్గర, రెండు రెక్కలు కలిసే చోట, గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది. మేడ మీద నుంచి తన మొక్కనొకటి పీకి తెచ్చి కాండాన్ని నిలువునా చీల్చింది. లోపల అదే రంగు చారలు. చాలాసేపు బల్ల దగ్గర కూర్చుంది. నేను మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"అక్కా, ముందు వాలింది పిల్లలు తెచ్చిన మొక్క. తర్వాత మాస్టారిది. తర్వాత మూల ఫ్లాటుది, తర్వాత ఏజెంటుగారిది."

"అవును, అయితే?"

"నేను కత్తెర పట్టుకుని తిరిగే వరస అదే. తగలనిది ఆవిడ మొక్కలకు మాత్రమే."

కత్తెరను నా ముందుకు తోసింది.

"వార్డులో అయితే ఒకరి మీద పెట్టిన కత్తెర మరగబెట్టకుండా ఇంకొకరి మీద పెట్టనిచ్చేదాన్నా? ఎందరిని ఏడిపించాను దీనికి. మొక్కలే కదా అనుకున్నానక్కా. కొంగుకు తుడిస్తే చాలనుకున్నా. నా చేత్తోనే కుండీ కుండీకీ మోశాను. మోసి, ఆవిణ్ణి శుభ్రం లేనిదన్నాను."

ఆ రోజు నుంచి మేడ ఎక్కడం మానేసింది. కిందికి దిగాలంటే మిషనమ్మ గుమ్మం దాటాలి గనుక దిగడమూ మానేసింది. నడుం నొప్పి అని చెప్పించింది. దాంతో పరామర్శలు మొదలయ్యాయి. "మీరు రాకపోతే మేడ బోసిపోయిందండీ." "ఆ డబ్బాలు తీయించబట్టి సరిపోయింది, లేకపోతే మొత్తం పోయేవి." ఒక్కొక్క మాటకూ ఆమె తల కొంచెం కొంచెం కిందికి దిగేది. వచ్చినవారు అది నొప్పి అనుకుని దిండు సర్దేవారు. వాళ్ళు వెళ్ళాక ఆ దిండును తీసి కింద పెట్టేసేది.

ఆమె బాధ చూడలేక, "వెళ్ళి ఆవిడతో చాటుగా ఒక మాట చెప్పిరా, సరిపోతుంది" అన్నాను.

"నోటీసు గోడకు అంటించి, క్షమాపణ చెవిలో చెప్పనా?"

"మరి అందరిలో చెప్పు."

"చెప్పలేను. నాకున్నది ఆ పేరొక్కటే అక్కా. ఇల్లా, పిల్లలా, ఏముంది? అది కూడా పోతే నేనెవర్ని?"

ఒక మధ్యాహ్నం బీరువాలోంచి ఒక గుడ్డ తీసింది. దాన్ని చేత్తో పట్టుకుని కిందికి బయలుదేరింది. నన్ను తోడు రమ్మంది. మిషనమ్మ గుమ్మంలోనే కూర్చుని గుండీలు కుడుతోంది. ముఖంలో కోపం లేదు, పలకరింపూ లేదు.

"ఏంటండీ?"

"పొడుగు చేతుల జాకెట్టొకటి... చలికాలానికి" అంది చెల్లెలు, గుడ్డ చూపిస్తూ.

మిషనమ్మ గుడ్డను తీసుకోలేదు. దారం పళ్ళతో కొరికింది.

"కొలతలివ్వడానికొచ్చారా, ఇంకేదన్నా చెప్పడానికొచ్చారా?"

చెల్లెలు నోరు తెరిచింది. గుడ్డను మళ్ళీ మడతపెట్టింది.

"కొలతలకే" అంది చివరికి.

మిషనమ్మ లేచి టేపు తీసింది. భుజాలు, చేతులు, నడుము, ఒక్కొక్కటీ కొలిచి కోడలికి అంకెలు చెప్పింది. టేపు ఒంటికి తగిలినప్పుడల్లా చెల్లెలు ముడుచుకుపోయింది. "చెయ్యి చాపండి. ఇంకా. అంత బిగపట్టుకుంటే రేపు జాకెట్టు పట్టదు" అని మిషనమ్మ మామూలు గొంతుతోనే అంది. పైకి వచ్చాక చెల్లెలు మంచం మీద కూర్చుని, "పని ఇచ్చి మాట మింగొచ్చానక్కా. ఇది నోటీసు కంటే సిగ్గుమాలిన పని" అంది. ఆమె ఏడవడం మా అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను.

ఆ వారమే ఫ్లాట్ల సంఘం సమావేశం. పంపు ఖర్చు, మెట్ల దీపాలు, సున్నం. అన్నీ అయ్యాక ఏజెంటుగారు, "ఇంకెవరికైనా ఏదైనా..." అంటూ కాగితాలు సర్దుకుంటున్నారు. చెల్లెలు లేచింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"మేడ మీది మొక్కల సంగతి. తెగులు మిషనమ్మగారి మట్టిలోంచి రాలేదు. నా కత్తెరతో వచ్చింది."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదట మాట్లాడింది మాస్టారే.

"మీరు తప్పు చేయడమేంటండీ? తెగులన్నాక ఎటునుంచైనా వస్తుంది. గాలిలోంచి వస్తుంది."

"గాలిలోంచి కాదు. నా చేతిలోంచి."

"మొక్కలేగా మేట్రనమ్మగారూ" అన్నారు ఏజెంటుగారు నవ్వుతూ. "మనుషులేం పోలేదుగా. వదిలేయండి."

"ఆవిడ ఒంట్లో కూడా బాగోలేదు, కూచోబెట్టండి" అని మూల ఫ్లాటావిడ ఎవరితోనో అంది.

ఇక్కడే నాకు నిలువునా కోపం వచ్చింది. వారి దయను చూసి కాదు, అది దయ కాదని చూసి. ఆమె తప్పు తప్పైతే వారి సంతకాలేమిటి? వెనక్కి తెచ్చుకున్న గుడ్డలేమిటి? అందుకని ఆమె నోటి నుంచి వస్తున్న సిగ్గును ముద్దుగా వెనక్కి నెట్టేస్తున్నారు. నేను లేవబోయాను. అంతలో వెనక వరసలోంచి, గోడకు ఆనుకుని నిలబడ్డ మిషనమ్మ మాట వినిపించింది.

"చెప్పనివ్వండి. నేను వినడానికే వచ్చా."

చెల్లెలు ఆవిడవైపు తిరిగింది.

"శిష్యురాళ్ళు తెచ్చిన మొక్కకు తెగులుంది. నేను గుర్తుపట్టలేదు. దాన్ని కోసిన కత్తెరతోనే అందరివీ కోశాను, కడగలేదు. ఆసుపత్రిలో ఆ పని చేసినవాళ్ళను నేను నిలబెట్టి తిట్టేదాన్ని. మీ మొక్కలు నేను ముట్టుకోలేదు కాబట్టి బతికాయి. మీ మీద నాకు ముందునుంచే కోపముంది, నా మాట వినలేదని. అందుకే చూడకుండా చెప్పాను. మట్టి గురించి అన్నాను, మిమ్మల్ని గురించీ అన్నాను. ఏకవచనంతో అన్నాను. మీ పని పోయింది నా వల్లే. మొన్న గుడ్డ పట్టుకొచ్చింది ఈ మాట చెప్పడానికి. చెప్పలేక కొలతలిచ్చాను."

ఒక్క మాట కూడా దాచలేదు. అందరూ నేలవంక చూస్తున్నారు. మిషనమ్మ పర్వాలేదనీ అనలేదు, మనసులో పెట్టుకోననీ అనలేదు. పెట్టుకోకుండా ఎలా ఉంటుంది?

"ఆ సంతకాలు పెట్టినాళ్ళంతా ఇక్కడే ఉన్నారుగా" అంది. "నా డబ్బాలు పైకి తేవాలి. నాకు మోకాళ్ళ నొప్పులు."

"నేను తెస్తాను" అంది చెల్లెలు.

"వద్దండీ. మీరు ముట్టుకోవద్దు."

చెల్లెలు తలూపింది. ఆ మాట తిట్టు కాదని, మిగిలిన మొక్కల కోసం అన్నదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. తెలిసినందువల్ల అది తక్కువగా తగల్లేదు.

మర్నాడు పొద్దున్న చెల్లెలు ముందు తన పని తాను ముగించింది. తన కుండీలన్నీ, పింగాణీదానితో సహా, మట్టిని సంచుల్లోకి దులిపి మూతులు కట్టి చెత్త బండిలో వేసింది. డ్రమ్మును, బకెట్లను బ్లీచింగు నీళ్ళతో కడిగి బోర్లించింది. మేడ మీద ఆమె వరస ఉన్న చోట తడి గుండ్రాలు మాత్రం మిగిలాయి. అప్పటికి కింద మాస్టారు లుంగీ ఎగ్గట్టుకుని నిలబడ్డారు. ఏజెంటుగారూ వచ్చారు. మూల ఫ్లాటావిడ భర్తను పంపింది. మిషనమ్మ కోడలు ఒక్కొక్కరి చేతికీ ఒక్కో డబ్బా అందిస్తూ, "నిలువుగా పట్టుకోండి మాస్టారూ, కొమ్మ విరిగితే నోటీసు పెడతాం" అంది.

మేడ తలుపు స్ప్రింగు తలుపు. వదిలితే దానంతటదే మూసుకుంటుంది. రెండు చేతుల నిండా డబ్బా ఉన్నవారు దాన్ని తెరవలేరు. చెల్లెలు అది చూసి, వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని భుజంతో తలుపును నెట్టి పట్టుకుని నిలబడింది. ఒక్కొక్కరే ఆమె ముందునుంచి దాటారు. ఎవరూ ఆమె ముఖంవంక చూడలేదు. డబ్బాల్లోని పొడుగాటి కొమ్మలు ఊగుతూ పోతుంటే ఒక రెమ్మ ఆమె చీర అంచును తాకబోయింది. గోడకు ఇంకాస్త అతుక్కుని దారి ఇచ్చింది.

చివరన మిషనమ్మ, చిన్న డబ్బానొకదాన్ని చంకన పెట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ వచ్చింది. తలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. వారిద్దరి మధ్య జానెడు దూరం ఉంది.

"మీ జాకెట్టు అయిపోయింది. రేపు తీసుకెళ్ళండి" అంది.

"అలాగేనండీ."

మిషనమ్మ ఎండలోకి నడిచింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, "అందరూ వచ్చేశారు. ఇక తలుపొదిలెయ్యండి" అంది.

చెల్లెలు వదల్లేదు. మేడ మీద డబ్బాలు సర్దడం అయిపోయి, వారంతా తిరిగి మెట్లు దిగేవరకూ అలాగే భుజం ఆనించి నిలబడి ఉంది.